కంపెనీ సీలు

2009 ఆగస్టులో ఒక ఉదయం ఏడింటికి పోలీసులు ఉప్పుగూడ వచ్చి, కంచన్‌బాగ్ రక్షణ ల్యాబ్‌లో పనిచేసే ఫణిని తీసుకెళ్లారు. అతను అద్దెకుంటున్న ఇంటి ఇంటర్నెట్ నుంచి ఎవరో బెదిరింపు మెయిల్ పంపారు. మధ్యాహ్నం వదిలేశారు. గుమ్మంలో ఇంటి ఓనరు అమరనాథ్ ఎదురొచ్చాడు.

“కొట్టిన్రా?”

“లేదండీ. రౌటర్‌లో నేను వేసిన సాఫ్ట్‌వేర్ చూడమంటే, అది లేదన్నారు. అదుంటే ఎవరు జొరబడ్డారో తెలిసేది.”

“అది నేనే తీపిచ్చిన, ఫణీ. కేబులాయనతోని మల్ల రౌటర్ కంపెనీదే ఏపిచ్చిన.”

“ఎందుకండీ?”

“నీ సాఫ్ట్‌వేర్ల రాసిందంత ఎవడన్న చదవొచ్చని నువ్వే అంటివి గదా. దొంగ గూడ చదువుతడని భయమైంది.”

“అందరూ చదువుతారు కాబట్టే కంత కనిపిస్తే ఎవరో ఒకరు పూడుస్తారు. కంపెనీదాంట్లో కంత రెండేళ్లుగా ఉంది. వాళ్లు పూడ్చరు, మనల్ని చూడనివ్వరు.”

“దానికి కంపెనీ సీలున్నది గదా!”

“సీలు డబ్బా మీదుందండీ.”



“ఠాణాకు పోయి నేనే చెప్త. నౌకరీకి ఫికర్ జెయ్యకు.”

“చెప్పండి. ఈలోగా కంచన్‌బాగ్ వెళ్లొస్తాను. నన్ను పట్టుకెళ్లారని ల్యాబ్‌కి కబురెళ్లిందట.”

సాయంత్రం అమరనాథ్ ఠాణాలో జరిగింది చెప్పి సంతకం పెట్టాడు. అప్పటికే ల్యాబ్ గేటు దగ్గర ఫణి ఉద్యోగి పాస్ తీసేసుకున్నారు.