ప్లాస్టిక్ అద్దం మీద మడత

కార్లకి మడిచి దించే గుడ్డ టాపులు కుట్టే షెడ్డులో, మిషను దగ్గర మేస్త్రి. ఎదురుగా స్టూలు మీద ఒక పెద్దావిడ. ఆవిడ భర్తగారి పాత కారు బయట ఆగి ఉంది, ఆయన అందులోనే కూర్చున్నారు.

"అద్దం మార్చే సంగతి తర్వాత, మేస్త్రిగారూ. ముందు మీరొక్కసారి ఆయనతో మాట్లాడాలి."

"దేని గురించమ్మా? టాపు బాగానే కూర్చుందిగా. కమ్మీల మీద గుడ్డ డప్పులా బిగిసింది, ఎక్కడా ముడతన్నది..."

"టాపుకేం, లక్షణంగా ఉంది. వెనక ప్లాస్టిక్ అద్దమే. అడ్డంగా మడత పడి, ఆ మడతలోనే పగిలింది. ఎవరో టాపు మడిచి దించుంటారని ఫోన్లో మీరేగా అన్నారు?"

"అన్నానా?"

"అన్నారు. కొత్త గుడ్డ, రెండు వారాలు దించకూడదు, దించినా ముందు అద్దం చుట్టూ ఉన్న జిప్పు తీసి దాన్ని తిన్నగా పరిచి, మీద మెత్తటి దుప్పటి వేసి అప్పుడు మడవాలి, లేకపోతే ఇలాగే పగులుతుందని. నేను కాగితం మీద రాసుకున్నాను కూడా."

"అదీ... అందరికీ మామూలుగా చెప్పేదేనమ్మా. మంచినీళ్లు తాగుతారా?"

"వద్దు. మా ఇంట్లో ఆ కారు ముట్టుకునేది ఆయనొక్కరే. అడిగితే 'నేను దించలేదు' అంటారు. వెయ్యిసార్లు అడిగాను. దించలేదు, దించలేదు. అదే పాట."

"ఆయన అన్నారంటే దించి ఉండరు లెండి."

"మరి అద్దం దానంతటదే మడత పడిందా?"

"ఎండకి ఒక్కోసారి..."

"ఇంటికి తెచ్చాక ఇవాళ్టిదాకా కారు మా ఇంటి షెడ్డు దాటలేదు. ఎండెక్కడిది?"

"అదీ నిజమేలెండి."

"మీ దగ్గర దాచడమెందుకు, ఆయనకి ఈ మధ్య మతిమరుపు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు."

"అది నేనూ చేస్తానమ్మా. సూది పెదాల మధ్య పెట్టుకుని సూది కోసం వెతుకుతా."

"నవ్వులాట కాదండీ. మొన్న అందరి ముందూ అనేశాను. అమ్మాయి, అల్లుడు, పిల్లలు, అందరూ ఉన్నారు. 'ఇవాళ టాపు దించి మర్చిపోయారు, రేపు ఎవర్నో గుద్దేసి అదీ మర్చిపోతారు' అన్నాను. తాళంచెవి లాక్కున్నాను. ఇక్కడికి కూడా అమ్మాయే నడిపింది. నలభయ్యేళ్లు తను నడిపిన కారులో, ఆయన వెనక సీట్లో కూర్చుని వచ్చారు."

"అమ్మా..."

"మీరంటే ఆయనకి గురి. 'అయ్యా, మీరే దించారు, మడత చూస్తే తెలిసిపోతోంది' అనండి. ఒక్క ముక్క. ఒప్పుకుంటే డాక్టరు దగ్గరికి వస్తారు, కారు అమ్మడానికీ సరేనంటారు."

"నేననలేనమ్మా."

"ఎందుకనలేరు? ఫోన్లో అన్నారుగా!"

"ఫోన్లో మొహం కనపడదుగా."

"అంటే?"

"ఆ గుడ్డముక్క ఇలా ఇస్తారా? చేతులకి మిషను నూనె అంటింది."

"ఇదిగోండి. అసలు సంగతేమిటండీ?"

"టాపు దించింది నేను."

"ఏ టాపు?"

"మీదే. పోయిన ఆదివారం మధ్యాహ్నం, మీరు తీసుకెళ్లే ముందురోజు, కారింకా ఇక్కడే ఉండగా. ఎదురు షెడ్డు మేస్త్రి వచ్చి 'నీ టాపు నిలబడితే అందమేగానీ మడత కూర్చోదు' అన్నాడు. రోషం పొడుచుకొచ్చింది. చూసుకోరా అని దించేశాను. జిప్పు తియ్యలేదు, దుప్పటి వెయ్యలేదు. ముప్పయ్యేళ్లుగా అందరికీ నీతులు చెప్పేవాణ్ణి, నేనే..."

"మీరా?"

"లేపి చూస్తే అద్దం మీద గీత. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో రుద్దాను. సాఫయిందనుకున్నాను. మీరు ఫోన్ చేసేసరికి, ఎవరో మడిచుంటారని నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. అది తిరిగి తిరిగి ఆయన మీద పడుతుందనుకోలేదమ్మా. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"పిల్లల ముందు... పిల్లల ముందు ఆయనకి మతి పోయిందన్నానండీ."

"తప్పు నాదమ్మా."

"మడత వరకే మీది. ఆ మాటన్నది నేను."

"పిలవండి. ఆయన ముందే చెప్తాను. కాళ్లు పట్టుకుంటాను."

"ఏమండీ! ఏమండీ, ఒక్కసారి లోపలికి రండి! మేస్త్రిగారు మీతో..."

"వస్తున్నా, వస్తున్నా. నేనే మాట్లాడదామనుకుంటున్నాను. కూర్చో మేస్త్రీ, లేవకు."

"అయ్యా, ముందు నేను చెప్పేది వినండి. ఆ టాపు..."

"నన్ను చెప్పనీ, మళ్లీ మర్చిపోతాను. పాపం ఆవిడ మొత్తుకుంటూనే ఉంది, నేనే మొండికేశాను. ఇందాక కారులో కూర్చుని ఆలోచిస్తుంటే అంతా గుర్తొచ్చింది మేస్త్రీ. పోయిన ఆదివారం పొద్దున మా ఇంట్లో నేనే దించాను, ఈ చేతుల్తోనే."