తడిచీరతో వెళ్లిన పూట

పేరమ్మకి ఆ అన్నం కంచం చేతికిస్తే చాలు, గడప కాడే ఆగిపోయేదంట. కంచం పట్టకెళ్లాల్సింది తోడికోడలు మాలకొండమ్మ గదికి మరి. కిందటేడు పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం తగలబడ్డప్పుడు, లోపల మనిషుందని ఎరక్క, మంట ఎగదన్నకుండా బయట గడియ పెట్టేశారు చూడు, ఆ మాలకొండమ్మే. బతికి బయటపడ్డది గానీ, అప్పట్నించీ మాట లేదు, ఒకటే విసరడం, కరవడం, గోడకి తల బాదుకోవడం. పేరమ్మ ముంజేతి మీద పళ్ల గాటు ఇంకా పచ్చిగానే ఉందంట. బ్యారన్లో దయ్యం పట్టిందన్నారు మన పెద్దలు. మన పెద్దలకి తెలియందేముంది! మంగళవారం మంగళవారం మంత్రగాడు బాలకోటయ్య రావడం, ఆమెని గదిలో వేసి గడియ పెట్టడం, కుంపట్లో ఎండుమిరపకాయలు పోసి పొగ పెట్టడం. ఆమె లోపల గోలపెడతా ఉంటే, అదిగో దిగుతా ఉంది అనేవాడంట. ఈ వారమూ తగ్గకపోతే కాళ్లకి గొలుసేసి కొండ కింద గుడి కాడ వదిలేసి రావాలని అత్త సుబ్బరత్తమ్మ తేల్చేసింది.

ఏమైందంటే, సోమవారం పగటేళ పేరమ్మ కాలవలో మునిగి తడిచీరతోనే వచ్చింది. పొయ్యి కాడున్న అత్త, ముందు దానికి పెట్టి రమ్మంది. ఒక చేత కంచం, ఒక చేత చెంబు, తలుపెట్టా మూసేది? తెరిచే వదిలి, ఇయ్యాళ చచ్చాననుకుంటా లోపలికెళ్లింది. మాలకొండమ్మ చూసింది. కంచం తీసుకుంది. కూర్చుని తినింది. ఆ నిమ్మళం చూసి పేరమ్మకి ఇంకా భయమేసింది అనుకో. సాయంత్రం తనే పొయ్యి ఊది, పొగచూరిన చీరతోనే వెళ్లి తలుపేసిందా, కంచం వచ్చి నుదుటికి తగిలింది. నెత్తురు తుడుచుకోబోతే కొంగు పొగ కంపు కొట్టింది. పేరమ్మ అక్కడే చతికిలబడింది. మంటలోంచి తీసిన మనిషిని వారం వారం మళ్లీ మంటలోకే తోస్తన్నామా అనుకుంది.

తెల్లారింది. బాలకోటయ్య గది ముందు కుంపటి రాజేశాడు. వాకిలి నిండా జనం, అత్త చేతిలో గొలుసు. పేరమ్మ చెంబు నిండా నీళ్లతో వెళ్లి ఆ గది గడప మీద కూర్చుంది. లెమ్మంటే లేవదే. అత్త వచ్చి ఆమె జుట్టు పట్టి, ఒసే పేరీ, దాని దయ్యం నీకూ పట్టిందా అందంట.

“పట్టింది అత్తా. నన్నూ లోపలేసి గడియ పెట్టి పొగెయ్యండి. కరవకుండా ఎట్టా ఉంటానో చూద్దాం.”

అని చెంబెడు నీళ్లు కుంపట్లో కుమ్మరించింది. వెనక మాలకొండమ్మ లేచిన చప్పుడు. మెడ మీద పడి కొరుకుతుందేమో అనుకుంది పేరమ్మ, అయినా తిరిగి చూళ్లేదు. ఒక చెయ్యి వచ్చి భుజం మీద ఆగింది.

“తలుపు తీసే ఉంచు, పేరా.” ఏడాదికి మొదటి మాట.

“ఉంచుతా అక్కా.”

నయమైందా అంటారా? ఇప్పటికీ అప్పుడప్పుడు కంచం ఎగురుద్ది. ఆ గది తలుపులు మాత్రం ఊడబీకించింది పేరమ్మ. పొయ్యి ముట్టించే ముందు, అక్కా, ముట్టిస్తన్నా అని కేకేస్తది, ఆమె లేచి పెరట్లోకి పోద్ది. దయ్యాన్ని దించింది నేనేనని బాలకోటయ్య పక్కూళ్లో చెప్పుకుంటన్నాడంట. మీరు నవ్వబాకండి. ఆ మంగళవారాలకి మిరపకాయలు ఇచ్చినోళ్లలో నేనూ ఉండా. ఘాటైనవి ఏరి మరీ ఇచ్చా.