నాలుగు మిల్లీమీటర్ల నిష్ఠ

1988 జూన్ పదమూడవ తేదీన మా ఆసుపత్రి సూక్ష్మజీవ పరీక్షాశాలలో గాజుసామాను కడిగే సహాయకురాలిగా చేరి, ఉద్యోగం చేస్తూనే చదువుకుని, ఎనిమిదేళ్ళకు టెక్నీషియన్‌గా పదోన్నతి పొందిన మా పెద్దక్కగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

విరేచనాలతో వచ్చిన రోగుల పేగుల్లోని క్రిములు ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతాయో తేల్చడం ఆమె నిత్యకృత్యం. క్రిములు పులిమిన జెల్లీ పళ్ళెంలో మందు బిళ్ళలు పెడితే, పనిచేసే మందు చుట్టూ తేటగా వలయం ఏర్పడుతుంది. దాన్ని స్కేలుతో కొలుస్తారు.

2004లో ఒక ఉదయం పిల్లల వార్డు నుంచి ఫోను మీద ఫోను వచ్చింది. రక్తవిరేచనాలతో సోలిపోయిన ఆరేళ్ళ పాప రిపోర్టు కోసం. ఒక మందు చుట్టూ వలయం పెద్దదిగానే కనిపించడంతో ఆ మందు పనిచేస్తుందని ఆమె సంతకం చేసి పంపేశారు. ఆ తర్వాతే, పరీక్ష సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రోజూ పెట్టే పళ్ళెం కేసి చూశారు. అందులో వలయం హద్దు దాటి ఉంది. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండవలసిన జెల్లీని ముందురోజు తానే పల్చగా పోశారు. పల్చటి జెల్లీలో మందు దూరం పాకి, పనికిరానిది కూడా పనికొచ్చేదిలా కనిపిస్తుంది.

ఆమె పిల్లల వార్డుకు మూడంతస్తులూ పరుగున దిగారు.

"సిస్టర్, ఆ మందు ఎక్కించేశారా?"

"ఇంకా లేదక్కా. సూది ఊడిపోతే మళ్ళీ పెడుతున్నా."

ఆమె రొప్పుతూనే ఆ మందు ఆపమని చెప్పారు. పాప అమ్మమ్మ మంచం మీద చోటిచ్చి, "ముందు కూర్చో తల్లీ, మంచినీళ్ళు తాగు" అంది.

"తప్పు నాదే సార్, చూడాల్సింది చూడకుండా సంతకం పెట్టాను" అని ఆమె వార్డు డాక్టరుగారికి చెప్పేశారు.

"ముందు మళ్ళీ చెయ్యండమ్మా. తిట్టడానికి రేపు కూడా టైముంటుంది" అన్నారాయన.

మర్నాడు సరైన పళ్ళెంలో మొదటి రిపోర్టులోని మందు బిళ్ళను ఆనుకునే క్రిములు పెరిగాయి. వేరొక మందు చుట్టూ వెడల్పైన వలయం తేటపడింది. ఆ మందే ఇచ్చారు. నాలుగో రోజున సిస్టర్ ఫోను చేసి, "అక్కా, మీ పాప బొమ్మ కోసం పక్క మంచం పిల్లాడితో కొట్లాడుతోంది" అని చెప్పగానే, ఆమె బల్ల మీద తల వాల్చి హాయిగా ఏడ్చారు.

2012లో పరీక్షాశాల బాధ్యతలు స్వీకరించాక, కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటిరోజే ఆ తప్పును తన నోటితో తానే చెప్పేవారు. అందువల్లనే మాకెవరికీ మా పొరపాట్లను ఆమె దగ్గర దాచుకోవలసిన అగత్యం కలగలేదు.

ఇన్నేళ్ళూ పరుల పేగుల గురించి బెంగపడి తన భోజనం మరచిన మా పెద్దక్కగారు ఇకనైనా వేళకు తిని, కంటినిండా నిద్రపోయి, బావగారితో, మనవలతో ఆయురారోగ్యాలతో చిరకాలం సుఖంగా ఉండాలనీ, ఏ రిపోర్టూ ఆమె కోసం ఎదురుచూడని ఉదయాలు వేలకు వేలు ఆమెకు దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాము.