తిప్పేషు బుజం

ఏమంటివి ఓబిలేషూ? పెద్ద తూటా ఐతే పంది ఒక్క దెబ్బకే పడతాదా? ఎవురప్పా నీకు చెప్పింది, ఆ తుపాకుల అంగడోడా? లైసెన్సు చేతికొచ్చి వారం కాలేదు, అప్పుడే షికారీ ఐపోయినావే! కూచో ఈడ. తిప్పేషు పేరు ఇన్యావా? యాడ ఇంటావులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. కుందుర్పి పక్క చెనిక్కాయ చేన్లన్నీ పందులు తవ్వి పారేస్తాంటే, అర్జీలు పెట్టి పెట్టి పర్మిషన్ తెస్తిమి. కొట్టేదానికి ఉండింది ఆయప్ప ఒకడే. బక్కోడు, చింతబరికె మాదిరి. చేతిలో వాళ్ల నాయన కాలం రైఫిలు, ఇంత లావు గొట్టం, పట్టేది ఒకటే తూటా. కొట్టినాక దాని నడుం విరిచి, కాలింది పీకి, ఇంగోటి పెట్టల్ల. అంతవరకూ పంది నిలబడుకోనుంటాదా? అయినా తిప్పేషు తక్కువ మందుండే తూటాలే వాడతాండె. "అన్నా, తూటా ఎంత బలమైతే తుపాకి అంత ఎనక్కి తంతాది. ఆ తన్ను తిన్న బుజం మర్చిపోదు. రెండోసారి మీట నొక్కకముందే కన్ను మూసుకుంటాది. కన్ను మూసినోడు దేన్ని కొడతాడు?" అనేటోడు. ముప్పై అడుగుల దాకా రానిచ్చి చెవి కింద కొడతాండె. ఒక్క పందీ గాయంతో పారిపోలే.

నాగేశ్వర అని ఒక పెద్దరైతు ఉండె. వాని మొకం తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతాది. బెంగళూరు నుంచి ఒక డబ్బీ తూటాలు తెచ్చినాడు. కొలత అదే, మందు మాత్రం నిండుగా. "ఏమి తిప్పేషూ, పిల్లోల్ల పటాకులు కాలుస్తాండావే? ఇది కొట్టు, ఏనుగైనా కూలతాది" అనె. నా బుజం ఓర్చదు స్వామీ అంటే, "మొగోనివేనా?" అనె. టీ అంగడికాడ అందరూ నగిరి. నేనూ నగినా. నగినాను రా, నగినా!

మరుసటి పొద్దున్నే వాని చేనుకు పోతిమి. ముందు గుట్టమీదికి ఆ కొత్త తూటా ఒకటి కొట్టించినాడు. తిప్పేషు బుజం పట్టుకోని కూలబడె. "ఈపొద్దుకు వద్దన్నా" అంటాంటేనే, కంపచెట్ల సందునుంచి పంది బయటపడె. "కొట్టురా, కొట్టు!" అని నాగేశ్వర అరుపు. తిప్పేషు తుపాకి ఎత్తినాడు. నేను పక్కనే ఉండా. కన్ను మూసుకున్నాడు, చూసినా. గుండు తుంటికి తగిలె. పంది తిరుక్కోని వచ్చె. కుడిచెయ్యి లేయదు, ఎడమచేత్తో నింపబోయినాడు పాపం. తొడ చీల్చేసె. కల్యాణదుర్గం ఆస్పత్రి చేరకముందే అయిపాయె.

పోలీసులొస్తే నాగేశ్వర ఏమనె? "వానికి కొట్టేది రాదు సార్, వద్దంటే ఇన్లేదు" అనె. దొంగ నాయాలు! నన్నడిగిరి. వాని భూమే నేను కౌలుకు చేస్తాంటి. "అంతే సార్" అంటి. స్టేషన్లో సంతకం చేసిస్తి. బయటికొస్తే తిప్పేషు పెండ్లాం మారెక్క మెట్లమీద కూచోనుండె. ఏడ్చల్యా, తిట్టల్యా. "అన్నా, నువ్వు ఆడ లేవా?" అనె. అంతే.

ఏంది అట్ల చూస్తావు? లెయ్. ఆ మేకను తోలుపో, చిక్కుడు తీగంతా పీకుతాంది.