ఏడు దినాలు, గంతకన్న ఎక్కువ

పిల్లలూ, ఈ భిలాయిలో పుట్టిన మీకు మా బీరన్న పెదనాన్న కోతలు ఎవరూ చెప్పలేదు. నిన్న అసమీకరణం లెక్క తప్పిందని చిన్ని ఏడ్చింది గనుక ఈ పూట చెబుతున్నాను. అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నాను.

1957 ఎండాకాలం, ఒక సాయంత్రం. తాండూరు పక్కన మా ఇల్లు. మా నాన్న హన్మయ్య మరునాడు తన అక్క కూతురి పెళ్లి పనులకు వికారాబాద్ వెళ్లాలి, పది రోజులు. అన్నాళ్లూ నూటయాభై గొర్రెలతో మా అమ్మ రుక్కమ్మ ఒక్కతే. ఉన్నది ఒక్క ఇరుకు బావి, ఊట ఎండిపోయింది. ఇరవై జానల లోతు నీళ్లున్నాయి. మంద రోజుకు రెండు జానలు తాగేస్తుంది. ఆరు జానలకన్నా తగ్గితే మిగిలేది బురద, అది తాగిన గొర్రె బతకదు. నాన్న అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా చాయ్ గ్లాసుతో ఆయన అన్న, బీరన్న పెదనాన్న.

“గిందుకా ఫికర్? జర వినురా తమ్మీ. మొన్న గొంగడి అమ్మనీకి వికారాబాద్ బడికి పోయిన. మన బాయి సంగతి చెప్తే పంతులు బోర్డు మీదికి ఎక్కించిండు. దినాలకు ఎక్సు అని పేరు. ఇరవైల రెండు ఎక్సులు తీస్తే ఆరు మిగలాలె, లేకుంటే ఆరుకన్న ఎక్కువ. నేనే సుద్ద గుంజుకున్న. రెండు దిక్కుల ఇరవై తీసేసిన. గీ పక్క మైనస్ రెండు ఎక్సులు, గా పక్క మైనస్ పద్నాలుగు. రెండిట్నీ మైనస్ రెండుతోని భాగించిన. ఎంతొచ్చిందో ఎరుకేనా?”

“ఎంత?”

“ఏడు! లేకుంటే గంతకన్న ఎక్కువ!”

“అంటే పది దినాలు నడుస్తదా అన్నా?”

“పదేందిరా! ఎక్కువ అన్నంక ఆపెటోడెవడు? దౌల్తాబాద్‌ల గసుంటి బాయి మీదనే నలభై దినాలు మందను నిలబెట్టిన. గా తర్వాత ఏమైందో ఎరుకేనా? బషీరాబాద్ బర్లన్నీ వచ్చినయి. నాలుగువందల దినాలు తాగినయి! వికారాబాద్ టేషన్ల నీళ్లు ఖతమైతే, రైలింజన్లు పట్టాలు దిగి, కూత పెట్టుకుంట వచ్చి బాయికాడ లైను కట్టినయి. ‘ఒక్కొక్కటే రండ్రి, గొర్రెపిల్లలను తొక్కకుండ్రి’ అని కట్టె పట్టుకొని నేనే నిలబడ్డ.”

“ఇంజన్లకు పాలు గూడ పిండినవారా?” అంది పక్కింటి నాగవ్వ.

“పిండిన అవ్వా! ఆవిరే వచ్చింది!”

నాన్న ముఖం వికసించింది. “అయితే నేను పది దినాలుండి రావొచ్చు.”

ఉన్ని వడుకుతున్న అమ్మ కదురు ఆపింది. “బావా, ఎనిమిదో దినం ఎన్ని నీళ్లుంటయి?”

“ఎనిమిది రెండ్లు పదారు... ఇరవైల పదారు పోతే... నాలుగు.”

“నాలుగు, ఆరుకన్న ఎక్కువనా?”

పెదనాన్న గ్లాసు కింద పెట్టి మళ్లీ వేళ్లు లెక్కపెట్టాడు.

“ఆరో దినం?” అమ్మ మళ్లీ అడిగింది.

“ఎనిమిది జానలు.”

“గది సరిపోతది. నీళ్లు ఎక్కువుండాలంటే దినాలు తక్కువ గావాలె బావా. ఏడు, లేకుంటే గంతకన్న తక్కువ. నీ ఇంజన్లను పట్టాల మీదికి తోలు!”

అరుగంతా నవ్వింది. పెదనాన్న గొంతు తగ్గించాడు. “మైనస్‌తోని భాగిస్తే ఎక్కువ గుర్తును తక్కువకు మర్లెయ్యమని పంతులు మొత్తుకున్నడు మరదలా. నేనే ఇనలే.”

నాన్న ఆరో నాడే రైలు దిగాడు. ఏడో నాడు మంద నీళ్ల కోసం బషీరాబాద్ దారి పట్టింది. ఒక్క పిల్ల కూడా తగ్గలేదు.

చిన్నీ, తమ్ముడు ఆ పాఠానికి వచ్చినప్పుడు ఈ కథ నువ్వే చెప్పు. జవాబు వచ్చాక ఒక అంకె పెట్టి చూసుకోమను. పెదనాన్నను తలుచుకుని నవ్వండి గానీ తక్కువ చేయకండి. తప్పో ఒప్పో, ఆ లెక్కను బడి నుంచి మా అరుగు దాకా మోసుకొచ్చింది ఆయనే.