ఏనుగు ఊదిన డీజిలు

సన్యాసమ్మ టీ బండి ముందు బల్ల మీద ఆదిబాబు కాలు మడిచి కూర్చున్నాడంటే, ఆ పూట ఎవరి చేతిలో టీ వాళ్ల చేతిలోనే చల్లారిపోవలసిందే. టాటానగర్ పక్క గోవింద్‌పూర్ తెలుగువాళ్లలో ఆ ముసలి డీజిల్ మిస్త్రీ కోతలు విననివాడు లేడు. ఆ సాయంత్రం కూడా నలుగురూ మూగారు. వాళ్లలో కల్యాణి ఒక్కతే కథ వినడానికి రాలేదు.

ఆమె గుప్పిట్లో పికప్ బండి తాళంచెవి ఉంది. బండి రోడ్డు అవతల గోడవార నిలబడి ఉంది. పాతది, కానీ భర్త సురేష్ పోయాక ఆమె దాన్నే నమ్ముకుంది. తనే నడుపుతూ ఆదిత్యపూర్ కార్ఖానాలకి కేంటీన్ భోజనాలు మోసి ఇల్లు నెట్టుకొచ్చింది. వానలు మొదలయ్యేసరికి అది లాగడం మానేసింది. ఆదిబాబు విప్పుతాడు, బిగిస్తాడు, స్టార్ట్ చేస్తాడు. అది కాస్త దూరం పోయి, దగ్గి, ఆగిపోతుంది. విసిగిపోయి, తుక్కు కొనే సీతారాంకి ఆమె కబురు పెట్టింది. చీకటి పడేలోగా వాడు ట్రాలీ తెస్తాడు. బండి పోతే మళ్లీ ఒకరింట్లో గిన్నెలు తోమాలి. అందుకే ఆఖరుసారి అడిగింది.

"బాబాయ్, ఉన్నమాట సెప్పు. అది నడుత్తాదా, నడవదా?"

అంతే. ఆయన కాలు మడిచేశాడు.

"నడుత్తాదా అని నన్నడుగుతావేటమ్మా? ఇలాటి బండే, దీనికి అన్నలాటిది, ఓపాలి ఖర్కాయి వంతెన మీద ఆగిపోనాది. ఎనకాల లారీలు పోంపోమని ఒకటే గోల. డైవరు ఏడుపు మొకం ఎట్టీసాడు. దిగాను, సూసాను. ఏటుంది? డీజిలు పైపులో గాలి పట్టీసింది. ఫిల్టరు మీద నట్టు వదులు సేసి, చేతి పంపు నాలుగు దెబ్బలు కొట్టాను. గాలంతా బుస్సుమని పోయి డీజిలొచ్చింది. నట్టు బిగించాను. బుర్రుమంది."

"అదేటి గొప్ప? ఎవుడైనా చేత్తాడు," అన్నాడు నాగేంద్రబాబు. ఆయన లోకో షెడ్డులో చేసి రిటైరయినవాడు. ఆదిబాబు కోతలకి అడ్డం పడకపోతే ఆయనకి టీ దిగదు.

"చేత్తాడు బాబూ, చేత్తాడు. మరా చేతి పంపు ఊడొచ్చి నదిలో పడిపోతే?"

"పడిపోయిందేటి?"

"పడిపోదేటి మరి! అప్పుడు నేనేటి చేసానో తెలుసా? పైపు నోట్లో ఎట్టుకున్నాను. టాంకీలోంచి పీల్చడం, ఇంజన్లోకి ఊదడం. డీజిలు చిమ్మడానికి నాలుగు నాజిళ్లు. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఆ వరసలోనే ఊదాల. తప్పితే ఇంజను తన్నీద్ది. బానెట్టు మీద బోర్లా పడుకుని చాయిబాసా దాకా ఊదుకుంటా పోనాను. దార్లో ఎవుడో 'చాచా, టైమ్ క్యా హువా' అనడిగాడు. నోరు ఖాళీ లేదు గదా, కాలితో సెప్పాను."

"కాలితో టైమేటి సెప్పావు ఆదన్నా, ఆరా, ఏడా?" అంది సన్యాసమ్మ, మూకుట్లోంచి పకోడీలు తీస్తూ.

"ఆరున్నర. అరకి బొటనేలు మడిచాను."

బల్ల ఊగేలా నవ్వారు. కల్యాణి నవ్వలేదు. తాళంచెవి పళ్లు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"బాబాయ్, నా బండి సంగతి..."

"అక్కడికే వత్తన్నానమ్మా. తిరుగుదారిలో దల్మా కొండెక్కాలి."

"చాయిబాసాకీ దల్మాకీ సంబంధమేటిరా?" అన్నాడు నాగేంద్రబాబు.

"డైవరు దారి తప్పాడు. నోట్లో పైపుంటే నేనెలా సెప్పేది? సగం కొండెక్కేసరికి నా దవడలు పడిపోనాయి. బండి ఎనక్కి జారతంది. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? చెట్ల మద్దినించి ఏనుగొచ్చింది. ఆడేనుగు. నన్ను సూసి దానికి జాలేసింది. టాంకీలో తొండమెట్టి ఒక్క పీల్పు, ఇటు తిరిగి ఒక్క ఊదుడు! కంపినీవోడు ఇంజనుకి ఫీడ్ పంపని ఒకటి బిగిత్తాడే, దాని పనంతా అదే చేసింది. బండి కొండెక్కడమేటి, కొండ మీదనించి లేచిపోనాది! కింద కార్ఖానా పొగ గొట్టాలు అగరొత్తుల్లా కనబడ్డాయి. టాటానగర్ టేసన్లో సిగ్నలోడు మాకు పచ్చజెండా ఊపాడు."

"ఆ వేళ టేసన్ పక్క షెడ్డులో డ్యూటీ నాదే. నాకు కనబడలేదే?" అన్నాడు నాగేంద్రబాబు.

"మబ్బులడ్డం బాబూ. అంతెత్తున ఇంజను తడబడింది. తొండంలోంచి ఒక్క చుక్క రాలి నా నాలిక మీద పడింది. పడగానే తెలిసిపోనాది, కిరసనాయిలు కలిసిందని. ఈ ముక్కు, ఈ నాలిక, ఇవే నా పానాలు. ఏ బంకు డీజిలో, ఏ ట్యాంకరు దింపిందో కళ్లు మూసుకుని సెప్తాను."

"సెప్తావా?" నాగేంద్రబాబు లేచాడు. "అయితే మూయ్ కళ్లు."

ఆదిబాబు కళ్లు మూసి, దర్జాగా నాలుక చాపాడు. నాగేంద్రబాబు చెంచా తీసి, టీ బండి వెనక్కి వెళ్లి ముంచుకొచ్చి, ఆ నాలుక మీద పోశాడు. ఆదిబాబు చప్పరించాడు. ముక్కు ఎగబీల్చాడు.

"చిక్కగా ఉంది. మడ్డాయిలు కలిపీసాడు ఎదవ. మన డీజిలు కాదిది, నది అవతలది. లారీవోళ్ల దగ్గర దొంగతనంగా కొన్నది."

"అది సన్యాసమ్మ పకోడీలేసే ఆవనూనెరా, డబ్బాలోది!"

నవ్వు రోడ్డు అవతలకి వినిపించింది. ఆవనూనె ఘాటు ఆ వీధి మొదటికే కొడుతోంది. ఇందాకట్నుంచి అందరి కళ్లూ మండుతున్నాయి. ఆదిబాబు కూడా నవ్వాడు, కాకపోతే అందరికన్నా ఆలస్యంగా. తువ్వాలుతో నాలుక తుడుచుకుని, ఆ తువ్వాలునే చూస్తూ ఉండిపోయాడు.

కల్యాణికి మొన్న చూసింది గుర్తొచ్చింది. ఇంజన్లోంచి ఆయిల్ గేజి పుల్ల లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు పీల్చి, "బాగానే ఉంది" అన్నాడాయన.

"ఎప్పట్నుంచి బాబాయ్?" అని మెల్లగా అడిగింది.

ఆయన తల ఎత్తలేదు. "మీ పిన్ని పోయిన ఏడు. ఇద్దరికీ ఒక్కసారే జొరమొచ్చింది. దాన్ని తీసుకుపోనాది. నా దగ్గర ముక్కు తీసుకుపోనాది."

నాగేంద్రబాబు చేతిలో చెంచా ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. "మరి సెప్పలేదేటిరా?"

"ముక్కు లేని మిస్త్రీ దగ్గరికి బండి ఎవుడు తెత్తాడు బాబూ?"

మూకుట్లో పకోడీలు మాడుతున్నా సన్యాసమ్మ కదల్లేదు.

కల్యాణి రోడ్డు దాటింది. బానెట్టు ఎత్తి, గేజి పుల్ల లాగి, వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"బాబాయ్!" అని కేకేసింది. "ఇది ఆయిలే గదా? డీజిలు కంపు కొడతందేటి?"

ఆదిబాబు ఒక్క ఉదుటున లేచాడు. వచ్చి పుల్ల అందుకుని రెండు వేళ్ల మధ్య రాశాడు. "పల్చగుంది. గీత దాటి పైకుంది. వానలకి ముందు నువ్వే ఎక్కువ పోసీసావనుకున్నాను." ఇంజను పక్కన ఉన్న చిన్న పంపుని అరచేత్తో కొట్టాడు. "ఫీడ్ పంపులో రబ్బరు పొర చిరిగిపోనాదమ్మా. డీజిలు పైకెల్లకుండా కిందకి ఆయిల్లోకి దిగిపోతంది. నేనేటో పైపులిప్పి గాలి తీత్తా కూకున్నాను. వాసన సూత్తే పిల్లోడైనా సెప్తాడు." పుల్లని తువ్వాలుతో తుడిచి మళ్లీ దాని చోట దోపాడు. "పొర మార్చాల, ఆయిలు మార్చాల. నడుత్తాది."

సీతారాం ట్రాలీ వచ్చి పక్కన ఆగింది. "నహీ దేనా హై భయ్యా," అంది కల్యాణి, బండి అమ్మనని. వాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది.

ఆదిబాబు చేతులు తుడుచుకుంటూ అక్కడే తచ్చాడాడు.

"అమ్మా, ఓసారి మా ఇంటికొత్తావా? ఒక పనుంది."

ఆయనది వెనక సందులో ఒంటి గది. మంచం కిందనుంచి ట్రంకు పెట్టె లాగి, ఒక నేత చీర తీసి, రెండు చేతులతో ఆమెకిచ్చాడు.

"మీ పిన్నిది. ఉతకలేదు. వాసన ఉందో పోనాదో నాకు తెలవదు. ఎవుర్నడగాలో తెలవలేదు. సూసి సెప్పు."

కల్యాణి చీర ముఖానికి ఆనించుకుంది. కలరా ఉండల వాసన తప్ప దానిలో ఏమీ మిగల్లేదు. ఇందాక ఉన్నమాట చెప్పమని ఈయన్ని నిలదీసింది తనే.

"ఉంది బాబాయ్. ఆముదం వాసన. దాని కింద పసుపు."

ఆదిబాబు గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు.

"ఎండు సేపల కూర వండి, సెయ్యి కొంగుకే తుడిచీసినట్టుంది."

"అలా తుడవొద్దని ఎన్నిసార్లు సెప్పానో," అన్నాడు. కళ్లు తెరవలేదు. బుగ్గలు తడిసిపోయాయి.

"సన్నజాజులు కూడా. గదంతా కొడతన్నాయి బాబాయ్. సందు సివర దాకా వత్తాది ఈ వాసన, వంతెన మీద లారీవోళ్లు బండ్లాపి సూత్తారు..."

కల్యాణి చీర మడత సర్దుతూ ఆగింది.

"ఆ తర్వాత?" అన్నాడు ఆదిబాబు.