మూడు లక్షల నలభై వేల కిలోమీటర్ల కారు

ఫెర్మీన్ చోకె కారు కొని ఎనిమిది రోజులైంది. ఈ ఎనిమిది రోజుల్లో ఎల్ ఆల్తో అనే కొండ ఊళ్లోని ఆ వీధి వాళ్లంతా కారు కథని తలా రెండుసార్లు విన్నారు. విననిది దమియానా ఒక్కతే. ఆమె పొద్దున్నే ఊదారంగు మొక్కజొన్న జావ కాచి వీధి మలుపులో అమ్ముతుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి కథలు వినే తీరిక ఎక్కడిది? అలాంటిది ఈ శుక్రవారం తనే నోరు తెరిచి అడిగింది.

"ఫెర్మీన్, నీ బండి ఎలా నడుస్తుంది?"

బెంచీ మీదున్న వాళ్లు గ్లాసులు దించి సర్దుకుని కూర్చున్నారు. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అందరికీ తెలుసు. మర్నాడు దమియానా కూతురు లిదియా పెళ్లి. పెళ్లికూతుర్ని చర్చికి తీసుకెళ్లిన బండి మనిషి ఆ రోజు నుంచి ఆ ఇంటికి చుట్టమే. ప్రతి పండక్కీ పిలుపు, విందులో మొదటి పళ్లెం. అదే వీధిలోని రుపెర్తో తన కొత్త తెల్ల జీపు ఇస్తానన్నాడు, దాని సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా తీయలేదు. ఫెర్మీన్ తన కారు ఇస్తానన్నాడు. పదింటికి పూలవాడు బానెట్ కొలతకి వస్తాడు. ఏ బానెట్ అన్నది ఈలోగా దమియానా తేల్చాలి.

ఫెర్మీన్‌కి ఇది చిన్న సంగతి కాదు. ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్ల మినీబస్సులు నడిపి, నలభై తొమ్మిదో ఏట సొంతంగా ఒక బండి కొంటే, వీధంతా దాన్ని ముసల్దాన్ని ఇంటికి తెచ్చుకున్నట్టు చూసి నవ్వింది. రేపు ఆ కారు పూలు కట్టుకుని చర్చి ముందు ఆగితే ఆ నవ్వులన్నీ మూతపడతాయి. దమియానా మనసు కుదిరిందో లేదో కనిపెట్టడం తేలికే. జావ తాగాక గ్లాసులో ఇంకో గరిటె కొసరు పోస్తే కుదిరినట్టు. ఈ వేళ ఫెర్మీన్ గ్లాసులో కొసరు పడలేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, పోయిన వారం గురువారం సంతకి ఏడింటికల్లా వెళ్లాం, నేనూ మా నికొలాసా. అదిగో కూర్చుంది, అడుగు."

బెంచీ చివర అతని భార్య నికొలాసా స్వెట్టర్ చెయ్యి అల్లుతోంది. తల ఎత్తలేదు.

"వందల కార్లు, అన్నీ బానెట్లు తెరుచుకుని నిలబడ్డాయి. జనం రంగు చూస్తారు, టైర్లు తంతారు. నేను చెవి పెడతా. అన్ని ఇంజన్ల మధ్యలో సన్నగా ఒక ఈల వినపడింది. టర్బో ఈల. మనం నాలుగు వేల మీటర్ల ఎత్తులో బతికే మనుషులం, ఇక్కడ మనకే గాలి చాలదు, మామూలు ఇంజన్‌కి ఏం చాలుతుంది? టర్బో ఉంటే అది గాలిని లాగి లాగి ఇంజన్ నోట్లో కుక్కుతుంది. అమ్మేవాడు ఒరూరో మనిషి. మూడు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగిందండీ అని సిగ్గుపడుతూ చెప్పాడు. సిగ్గెందుకయ్యా, చందమామకి ఇంకో నలభై వేలే కదా అన్నాను. గొట్టం విప్పించి టర్బో చక్రాన్ని వేలితో కదిపి చూశా. ఊగితే బేరం లేదు."

"ఊగిందా?" అన్నాడు సెవెరో. పక్కన పంక్చర్ల షాపు అతనిదే. అక్కడ పని లేనప్పుడు ఇక్కడ ఫెర్మీన్‌ని గిల్లడమే పని.

"అది ఊగలేదు, నా వేలు ఊగింది. అంత గట్టిది. ఇది జపాన్‌లో పుట్టిన బండి, అక్కడ స్టీరింగ్ కుడివైపు. చిలీ రేవులో దించాక మన రోడ్లకి తగ్గట్టు స్టీరింగ్ ఎడమకి మార్చారు, మీటర్లు మాత్రం కుడివైపే వదిలేశారు. పోతే పోయాయి. ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాడికి వేగం వీపుకే తెలుస్తుంది. సరే, నడిపి చూద్దామని కింద లాపాజ్ నగరం దాకా దించి, మళ్లీ పైకి మలిపాను. ఏ బండికైనా ప్రాణం పోయే ఎక్కుడు అది. యాక్సిలేటర్ మీద కాలు పెట్టానో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆగిపోయింది," అన్నాడు సెవెరో.

"గాలి పీల్చింది. రోడ్డు పక్కన నడిచే ఆడవాళ్ల గుండ్రటి టోపీలు ఒక్కొక్కటీ లేచి బండి వెంట పడ్డాయి. పైకి వచ్చి చూస్తే ముందు జాలీకి పంతొమ్మిది టోపీలు అతుక్కుని ఉన్నాయి, అందులో ఒకటి మా పిన్నత్తది. ట్రాఫిక్ పోలీసు ఈల వేశాడు. ఈల వాడి నోట్లోంచి వచ్చింది కానీ చెవికి చేరలేదు, టర్బో లాగేసుకుంది. నెత్తి మీద రోప్‌వే డబ్బాలు పోతున్నాయా, ఎర్ర డబ్బా ఒకటి నా వైపు ఒరిగింది. లోపలి ముసలాయన కిటికీలోంచి నాకు నమస్కారం పెట్టాడు. ఇల్లిమాని కొండ మీద మబ్బు ఉంటుంది కదా, అది దూదిపింజలా విడిపోయి వచ్చి బానెట్‌లో దూరింది. ఆ రోజు కొండ శుభ్రంగా కనిపించిందని మీరే అన్నారు, గుర్తు చేసుకోండి."

"ఆ గురువారం కొండ బాగానే కనపడింది," అని ఒప్పుకున్నాడు బెంచీ మీద ఎవరో.

"చూశారా. పైకి చేరి, బండి దిగి, గోడ మీద చెయ్యి ఆనించి కిందకి చూశాను. ఏం కనపడిందనుకున్నారు? నా బండే. ఇంకా పైకి వస్తోంది."

సెవెరో ముందుకు వంగాడు. "మరి వదిన ఏ బండిలో ఉందన్నా?"

"రెండింట్లోనూ."

బెంచీ అంతా నవ్వింది. దమియానా నవ్వలేదు. కుండలో గరిటె తిప్పుతోంది, అవసరం లేకపోయినా తిప్పుతోంది. ఆమె పెళ్లికూతురై చర్చికి వెళ్లిన రోజున ఎక్కించుకున్న మినీబస్సువాడు సరదాకి ఇంకో బస్సుతో పందెం వేసి, మలుపులో బ్రేకు తొక్కాడు. మూడంతస్తుల కేకు వచ్చి ఒళ్లో పడింది. చెవి దాకా క్రీముతో పెళ్లి చేసుకుంది. ఆ ఫోటో ఇప్పటికీ ఆమె ఇంట్లో గోడ మీద ఉంది. ఫెర్మీన్ దాన్ని చూసి నవ్విన రోజులున్నాయి. కానీ నోరు పరుగులో ఉన్నప్పుడు ఫెర్మీన్‌కి గోడలు కనపడవు.

"ఇదంతా దీవెన లేకుండానే సుమా. ఆదివారం సరస్సు ఒడ్డున కోపకబానా చర్చికి బండి తీసుకెళ్లాం. ఫాదర్ గారు పవిత్ర జలం చల్లారు, పూలు కట్టాం, చక్రాల మీద బీరు పోశాం. అంతా మామూలే. నేను ఒక్క గుక్క టర్బో మీద కూడా పోశాను. పాపం, లక్షల కిలోమీటర్లు తిరిగి అలిసింది కదా. ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, ఈల రాగం మార్చింది. వెనక్కి వస్తుంటే తికీనా దగ్గర సరస్సు దాటించే పంటు ఎక్కాలా, పన్నెండు బండ్లు లైన్లో ఉన్నాయి. బ్రేకు మీద కాలు వేశాను. పడలేదు. తాగిన దాన్ని లైన్లో నిలబడమంటే నిలబడుతుందా?"

"ఫెర్మీన్," అంది దమియానా.

"విను అక్కా, అసలు సంగతి ఇప్పుడే. నీళ్ల మీదకి ఎక్కేసింది. తితికాకా సరస్సు మీద నా కారు. టైర్లు తడవలేదు, తడపడానికి నీళ్లకి టైమేదీ? పంటులోని గొర్రెలు నోరు తెరిచి చూశాయి. అవతలి ఒడ్డున మన నౌకాదళం వాళ్లు వరసగా నిలబడి సెల్యూట్ కొట్టారు. సముద్రం లేని దేశం కదా, ఇన్నాళ్లకి ఒక ఓడ దొరికిందని వాళ్ల ఆనందం. దిగి డిక్కీ తెరిస్తే నాలుగు ట్రౌట్ చేపలు. ఆ వేగానికి వేడెక్కి అప్పటికే వేగిపోయి ఉన్నాయి."

"ఉప్పు కూడా పడిందా?"

"మంచినీళ్ల సరస్సులో ఉప్పెక్కడిది సెవెరో, ఉప్పు మేమే వేసుకున్నాం."

సెవెరో ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "నీళ్ల మీద ఎంత వేగం పోయి ఉంటావన్నా?"

"రెండు వందల ఇరవై. మీటరు ముల్లు అక్కడికి వెళ్లి వణుకుతూ నిలబడింది. ఈ రెండు కళ్లతో చూశాను."

"స్టీరింగ్ ఎడమవైపు ఉందన్నావు."

"అవును."

"మీటర్లు కుడివైపున ఉన్నాయన్నావు. అంటే ముల్లు వదిన ఒళ్లో ఉన్నట్టే కదా. నీ రెండు కళ్లూ అక్కడిదాకా ఎలా వెళ్లాయి?"

బెంచీ మీద తలలన్నీ నికొలాసా వైపు తిరిగాయి. ఆమె వరస పూర్తి చేసి, సూదులు ఒడిలో పెట్టుకుంది.

"నలభై," అంది.

"నీళ్ల మీదా?" అంది దమియానా.

"నీళ్ల మీద మేం పంటులోనే వచ్చాం. ఈయన కమ్మీ రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నలభై అన్నది ఎక్కుడు మీద. బడి పిల్లల బస్సు మమ్మల్ని దాటిపోయింది. పిల్లలు చేతులూపారు, నేనూ ఊపాను. గుంత కనపడితే ఆపి, దిగి, చూసి, మళ్లీ ఎక్కుతాడు. ఇంటికి వచ్చాక కూడా వెంటనే దిగడు, దిగనివ్వడు. టర్బో వేడి చల్లారాలని ఇంజన్ ఆపకుండా మూడు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చర్చిలో కూడా ఇంత భక్తిగా కూర్చోడు."

ఫెర్మీన్ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడే తెల్ల జీపులో రుపెర్తో వచ్చి మలుపులో కీచుమంటూ బ్రేకు తొక్కాడు. బెంచీ కిందున్న కుక్క లేచి అవతలికి పోయింది. దమియానా ఆ జీపు వైపు చూసింది, తర్వాత నికొలాసా వైపు.

"ఒట్టేసి చెప్పు. ఒక్కసారైనా నలభై దాటాడా?"

"ముల్లు నా ఎదురుగానే ఉంటుంది కదా వదినా. దాటలేదు."

"మలుపులో ఏదైనా ఒళ్లో పెట్టుకుంటే పడుతుందా?"

"మొన్న రెండు డజన్ల గుడ్లు ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అన్నీ బాగానే ఉన్నాయి."

దమియానా గరిటె ముంచింది. ఫెర్మీన్ గ్లాసు అందుకుని అంచు దాకా కొసరు పోసింది. అందరికీ వినపడేలా సెవెరోతో అంది, "పూలవాడు వస్తే జీపు దగ్గరికి పోనివ్వకు. ముసలి బండి దగ్గరికి తీసుకెళ్లు. కేకు కూడా దాన్లోనే."

ఫెర్మీన్ గ్లాసు వైపు చూశాడు, వీధి చివర ఎండలో నిలబడ్డ తన కారు వైపు చూశాడు. ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. నడుం నిటారైంది.

"నలభై అన్నది అబద్ధం," అన్నాడు.

సెవెరో నొసలు చిట్లించాడు.

"మా ఆవిడకి లెక్కలు రావు. ముప్పై రెండు. ఈ దేశం మొత్తంలో అంత నెమ్మదిగా ఎక్కిన బండి ఇంకోటి లేదు. మూటలు మోసే లామా ఒకటి మమ్మల్ని దాటి పోయి, ఆగి, వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, పైదాకా మాకు తోడుగా నడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అందరూ మళ్లీ నికొలాసా వైపు చూశారు. ఆమె సూదులు చేతిలోకి తీసుకుంది.

"లామా మాట నిజమే," అంది.